రాగిగీతల నడిమి శూన్యము

వస్తువునకును వస్తువునకును నడుమనుండు ఖాళీ తానుగా ఒక పదార్థమా, కాక పదార్థము లేకపోవుటకు మనము పెట్టుకొనిన పేరు మాత్రమేనా అను ప్రశ్న, మన దేశమున వేలయేండ్లుగా పండితుల నడుమ నలుగుచు, వైశేషికులచేత నొకరీతిగను, జైనులచేత నొకరీతిగను, బౌద్ధులలోనే శాఖకొక రీతిగను సమాధానము లందుకొనుచు, నేటికిని తుదిముట్టక నిలిచియున్నది. దీనిని గ్రంథమున చదివి, పుస్తకము మూయుటతోనే మరచువారు పెక్కురు. కాని అగ్గిపెట్టెకంటె చిన్నదైన సర్క్యూటు పలకపై నలుబదికి తక్కువకాని భాగములను ఇమిడ్చి, వానినన్నిటిని రాగిగీతలతో కలుపబూనినవానికి ఇది మరచుటకు వీలైన ప్రశ్న కాదు. ప్రతి గీతకడను ఎదురై నిలిచి, ఏదో యొక సమాధానము చెప్పినగాని అతనిని ముందడుగు వేయనీయదు. అట్టి పలక నొకదానిని రూపొందించు సందర్భమున నాకు తోచిన విషయములను ఇందు విన్నవించుచున్నాను.

గుంటూరు, ఒంగోలు ప్రాంతముల నల్లరేగడి నేలలలో మిరప పండించువారికి కాయ ధరయెంత ముఖ్యమో కాయలోని తేమయు నంత ముఖ్యము. చెట్టున పండిన కాయబరువులో సగమునకు మించి నీరే యుండును. దానిని కల్లమున ఎండబోసి, తేమను నూటికి పదిపదునొకండు పాళ్లకు దించినగాని నిలువచేయరాదు. కోతలు సాగుచున్న దినములలో అకాలవర్షము కురిసెనా, పట్టాలు కప్పునంతలోనే కాయ తడిసి, రంగు దిగి, తాలుకాయలలో జమయగును; పైకి ఎండినట్లు కనబడుచు లోన తేమ నిలిచినచో బూజుపట్టి, అందలి ఆస్పర్జిల్లస్ జాతి శిలీంధ్రము అఫ్లటాక్సిను అను విషమును పుట్టించును. గుంటూరు మిర్చియార్డులో టిక్కీ యను మిరపబస్తానుండి పిడికెడు కాయలు తీసి, నలిపి, వాసన చూచి, తేమ యింతయని నిర్ణయించు అనుభవశాలుల నేర్పును నేను తక్కువచేయను. అయినను కోల్డుస్టోరేజిలో ఒకదానిపై నొకటిగా పేర్చిన టిక్కీల నడిగర్భమున నెలల తరబడి ఏమి జరుగుచున్నదో ఆ చేతికి అందదు. కనుక కాయల నడుమనే యుండి, చుట్టునున్న గాలి వేడిమిని తేమను కొలిచి, గంటకొకసారి రేడియో తరంగముల ద్వారమున వెలుపలికి చెప్పగల చిన్న పరికర మొకదానిని చేయవలెనని నాకు కోరిక కలిగినది. ఈ పని నాకు వృత్తి కాదు, అభిరుచి. లాభమును కోరి చేయనిది గనుకనే దీనిని గూర్చి నిదానముగా ఆలోచించుటకు తీరిక దొరకినది.

పలక పొడవు 30 మిల్లీమీటర్లు, వెడల్పు 20. దానిపై రేడియోతో కూడిన మైక్రోకంట్రోలరు, తేమను కొలుచు సెన్సారు, కాలగణనమునకై సెకనుకు 32,768 మారులు కంపించు స్ఫటికము, వోల్టేజిని నిలుకడగా నుంచు రెగ్యులేటరు, యాంటెనా, వీని చుట్టును కెపాసిటర్లు, రెసిస్టర్లు. ఈ కడపటివి ఒక్కొక్కటి మిల్లీమీటరు పొడవును, అరమిల్లీమీటరు వెడల్పును గలవి. పట్టకారుతో పట్టి, భూతద్దము క్రింద సోల్డరు చేయవలసినంత చిన్నవి. పలక యనగా గాజునూలు బట్టను ఎపాక్సీలో తడిపి గట్టిపరచిన 1.6 మిల్లీమీటర్ల అట్ట. దానికి ఇరుప్రక్కలను 35 మైక్రాన్ల మందముగల రాగిపొర. చవకగా బోర్డులు చేసియిచ్చు కర్మాగారములు సైతము నేడు 0.15 మిల్లీమీటరు వెడల్పుగల గీతను, అంతయే ఎడమును నమ్మకముగా చేసియియ్యగలవు. గీతలు గీయుటకు ఫ్రాన్సు దేశమున జాఁ పియెర్ షరాస్ 1992లో ఆరంభించిన కీక్యాడ్ అను సాఫ్టువేరు ఉచితముగనే లభించుచున్నది. అనగా సాధనముల కొరత లేదు. చోటునకే కొరత.

ఇట్టి కొరతలో మొదట మనసునకు కలుగు భావ మొక్కటే: రాగియే సత్యము, ఖాళీ వ్యర్థము. భాగములను ఇంకను దగ్గరకు జరుపుదము, గీతలను ఇంకను ఒత్తుగా గీయుదము, మిగిలిన చోటునెల్ల వాడుకొందము అని చేయి ఆరాటపడును. కాని ఆ పలక పుట్టు విధానమే ఈ భావమును ఖండించుచున్నది. వియన్నాలో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన పాల్ ఐస్లర్ 1930లలో రాగిరేకుపై సర్క్యూటును ముద్రించు పద్ధతిని రూపొందించిన నాటినుండి నేటివరకును సామాన్యముగా జరుగునది రాగిని గీతలుగా పోయుట కాదు. నిండియున్న రాగిలో వలదనుకొన్నదానిని తొలగించుట. ఇంటియందే బోర్డు చేసికొనువారు ఫెర్రిక్ క్లోరైడు ద్రావణములో పలకను మెల్లగా ఊపుచుండగా, కప్పని చోటులందలి రాగి కరిగి, అంతవరకు ఒక్కటిగానున్న రేకు పెక్కు గీతలుగా విడివడుట కన్నులార చూతురు. మొదటనున్నది అఖండమైన రాగి. అందు ఎడములు పుట్టుటచేతనే గీతలు పుట్టినవి. ఆ ఎడములే లేనిచో అన్ని కాళ్లును ఒకదానితో నొకటి కలిసి, సంకేతమునకును సంకేతమునకును భేదములేక, బ్యాటరీ వేడెక్కి నశించుటకంటె వేరు ఫలము లేదు.

మా ప్రాంతపు మిరపరైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. నారు నాటుటకు ముందు అతడు చేనికి నిలువునను అడ్డముగను అచ్చు తోలి, గీతలు కలిసిన చోట మాత్రమే మొక్కను నిలుపును. రెండువైపులను గుంటక తిరుగుటకును, వెలుతురు మొదలంట దిగుటకును, ఒక మొక్క తెగులు ప్రక్కమొక్కకు త్వరగా అంటకుండుటకును ఆ ఎడమే ఆధారము. ఎకరమునకు మొక్కల లెక్క పెంచినంతమాత్రాన టిక్కీల లెక్క పెరుగదని అతనికి ఎవరును చెప్పనక్కరలేదు.

అయినచో ఆ ఎడము ఏమి? దీనికి సూటియైన సమాధానము న్యాయవైశేషికులది. వారి మతమున అభావమును ఒక పదార్థమే. ద్రవ్యము, గుణము, కర్మము, సామాన్యము, విశేషము, సమవాయము అను ఆరింటితోపాటు ఏడవదిగా దానిని లెక్కింతురు. తెలుగువాడని పండితులు చెప్పు అన్నంభట్టు, కాశిలో చదివి, బాలురకై రచించిన తర్కసంగ్రహమున ఈ ఏడింటిని, అభావము నందలి నాలుగు భేదములను ఎంతో సంక్షేపముగా నిరూపించినాడు: వస్తువు పుట్టుటకు ముందుండునది, నశించిన పిదప నుండునది, మూడు కాలములందు నుండునది, ఒకటి మరియొకటి కాకుండుట. నేలపై కుండ లేదని చూచినవాడు వట్టి నేలను మాత్రమే చూచుట లేదు, కుండ లేమిని గూడ ఎరుగుచున్నాడని వారి వాదము.

బోర్డు చేయువాని బల్లపై ఈ వాదమునకు గల బలము అపారము. బోర్డు చేతికి వచ్చినతోడనే మనము మల్టీమీటరు తీసి, విద్యుత్తునిచ్చు గీతకును గ్రౌండునకును నడుమ తాకించి, అది మ్రోగకుండుటను వినుచున్నాము. ఆ మ్రోగకుండుటయే శుభవార్త. సాఫ్టువేరులో నియమపరీక్ష నడిపినప్పుడు అది గీతలను పరీక్షించుట యెంతయో, గీతలు లేనిచోటులను పరీక్షించుటయు నంతయే: ఇచట 0.15 మిల్లీమీటరు రాగిలేమి కలదా, ఇచట రంధ్రమునకును గీతకును తగినంత లేమి కలదా అని. గోడలోని 230 వోల్టుల విద్యుత్తుతో పనిచేయు బోర్డులలో ఆ లేమి మిల్లీమీటర్ల కొలదిగా నుండవలెను. కొందరు రిలే క్రింద పలకనే కోసి గాడి పెట్టుదురు, ఏలయన ధూళియు తేమయు పేరుకొన్న పలక ఉపరితలముమీదుగా విద్యుత్తు ప్రాకవచ్చును. నా పలకలో తేమసెన్సారు చుట్టును అట్టి గాడినే వేరొక కారణమున పెట్టవలసివచ్చెను: రెగ్యులేటరు వేడిమి పలకగుండ ప్రాకి సెన్సారును చేరినచో, అది టిక్కీలోని గాలిని కాక తనబోర్డు జ్వరమును కొలుచును. యాంటెనా చెంతనైతే పైపొరలోగాని క్రిందిపొరలోగాని రాగి లేశమును ఉండరాదు. ఇన్ని చోట్ల లేమిని నెలకొల్పుట, కొలుచుట, కాపాడుట చేయుచు, అది పదార్థము కాదనుట సాహసమే.

ఐనను నాకు ఈ సమాధానము చాలలేదు. కారణము బోర్డులోనే కలదు.

విద్యుత్తు గీతవెంట పోవునని మనమందరము పాఠశాలలో నేర్చితిమి. పోయినది తిరిగి రావలెనని నేర్చినవారు కొందరు. ఏ మార్గమున తిరిగివచ్చునని అడిగినవారు మిక్కిలి కొలదిమంది. పలక అడుగుపొరనంతయు గ్రౌండు రాగిగా విడిచినప్పుడు, ఆ విశాలమైన రేకులో తిరుగుప్రవాహము ఎక్కడనైన పోవచ్చును గదా అని తోచును. నిదానముగా మారు ప్రవాహము నిజముగనే నిరోధము తక్కువగల త్రోవను చూచుకొని నలుదెసల వ్యాపించును. కాని సంకేతము వేగము హెచ్చి మెగాహెర్ట్జ్ స్థాయికి చేరునప్పటికి, తిరుగుప్రవాహము పైగీతకు సరిగా అడుగున, దాని నీడవలె, మలుపు మలుపున మలగుచు వచ్చును; వలయము చిన్నదైనకొలది, ప్రవాహపు మార్పునకు అడ్డునిలుచు ఇండక్టెన్సు తక్కువయగుట దానికి కారణము. అడుగురేకులో అడ్డముగా ఒక చీలిక పెట్టితిమా, పైగీత చెక్కుచెదరక యున్నను, క్రిందిప్రవాహము ఆ చీలికను చుట్టి రావలసివచ్చి, వలయము పెద్దదై, బోర్డు తానే అక్కరలేని ప్రసారకేంద్రముగా మారును. గీతను మాత్రమే చూచి గీసినవానికి ఈ రోగమునకు కారణము ఎన్నటికిని కనబడదు.

ఇంతకంటె లోతైనది మరియొకటి కలదు. సంకేతమునందలి శక్తి ఎచట నున్నది? రాగిలో అని తోచుట సహజము. మాక్స్‌వెల్ సిద్ధాంతమును ఆధారముచేసికొని జాన్ హెన్రీ పాయింటింగ్ 1884లో చూపిన లెక్కనుబట్టి, శక్తిప్రవాహము వాహకమున కాక దానిని ఆవరించిన క్షేత్రమున, అనగా గీతకును దాని జోడుకును నడుమనున్న చోటున సాగుచున్నది. నా పలకయందు ఆ చోటు 1.6 మిల్లీమీటర్ల గాజు ఎపాక్సీయే. సంకేతము కాంతివేగములో సుమారు సగము వేగముతో మాత్రమే పోవుటకు కారణము రాగి స్వభావము కాదు, ఆ నడిమి ఎపాక్సీ స్వభావము. రాగి చేయునది త్రోవ చూపుట. పయనము రాగి లేనిచోట జరుగుచున్నది. ఈ సంగతిని పుస్తకమున చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యము వేరు, గీత గీయుచు గ్రహించినప్పుడు కలిగిన ఆశ్చర్యము వేరు. ఏది వ్యర్థమని ఇరుకుచేయ జూచితినో, అదియే సంకేతమునకు నివాసమైనది.

ఇచట ఒక ప్రమాదము కలదు. రాగి సత్యము, ఖాళీ మిథ్య అనుకొన్న మనసు, ఇంత విన్నతోడనే తలక్రిందులై, ఖాళీయే సత్యము, రాగి మిథ్య అని మురియును. అధ్యాత్మవిషయములను వ్రాయువారు పలువురు ఇచటనే ఆగి, శూన్యమునకు నమస్కారములు చేసి, తృప్తిపడుట నేను చూచితిని. ఈ తృప్తిని పోగొట్టువాడు నాగార్జునుడు.

క్రీస్తుశకము రెండవ శతాబ్ది ప్రాంతమున వెలసిన ఈ ఆచార్యుని దక్షిణదేశీయునిగా బౌద్ధసంప్రదాయము చిరకాలముగా చెప్పుకొనుచున్నది. శాతవాహనరాజునకు అతడు వ్రాసెనని చెప్పు సుహృల్లేఖ టిబెట్టు, చైనా భాషలలో నిలిచియున్నది. పలనాటి కృష్ణాతీరమున అతని పేరు ధరించిన కొండతో అతనికి గల సంబంధమునకు శాసనములకంటె జనుల విశ్వాసమే గట్టి ఆధారము; అందలి శాసనములు ఆ చోటును శ్రీపర్వతమనియు, విజయపురియనియు పేర్కొనుచున్నవి. అతని మూలమధ్యమకకారిక ఇరువది యేడు ప్రకరణముల గ్రంథము. అందు ఐదవ ప్రకరణము ధాతుపరీక్ష. ఆకాశమును ఉదాహరణముగా గైకొని, ఆకాశమను లక్ష్యము దాని లక్షణమునకు ముందుగా ఉండజాలదనియు, లక్ష్యము లేక లక్షణము నిలువజాలదనియు, కాబట్టి ఆకాశము భావమును కాదు, అభావమును కాదనియు అతడు తేల్చినాడు. బౌద్ధులలోని సర్వాస్తివాదులు ఆకాశమును కారణములచే పుట్టని నిత్యధర్మములలో చేర్చిన కాలమున ఈ మాట ఎంత పదునైనదో ఊహింపవచ్చును. ఖాళీని వస్తువుగా పూజించుటకును వీలులేదు, వట్టి లేమిగా త్రోసిపుచ్చుటకును వీలులేదు.

నాగార్జునుడు బోధించిన శూన్యతయనగా రెండు గీతల నడిమి ఖాళీయని అనుకొనుట పెద్ద పొరపాటు. ఏ వస్తువునకును ఇతరముల నపేక్షింపక తనంతట తనకే యుండు స్వభావము లేకుండుటయే అతని శూన్యత. ఒకదాని నాశ్రయించి మరియొకటి కలుగుట యను ప్రతీత్యసముత్పాదమును, శూన్యతను అతడు ఇరువది నాలుగవ ప్రకరణమున ఒక్కటిగా చెప్పినాడు. ఈ లెక్కను రాగి యెంత శూన్యమో ఖాళీయు నంతయే శూన్యము. రాగిగీత లేక ఎడము లేదు. ఎడము లేక గీత లేదు. రెండును లేక క్షేత్రమునకు త్రోవ లేదు. సంకేతము లేక వీనిలో దేనికిని ప్రయోజనము లేదు. ఒకదానిని పునాదిగా నిలిపి, తక్కినవానిని దానిపై కట్టుటకు వీలుకాదు.

కెపాసిటరు సంగతిని చూడుడు. మైక్రోకంట్రోలరు ఒక్కసారిగా విద్యుత్తును గుంజుకొనునప్పుడు వోల్టేజి క్రుంగకుండ, దాని ప్రతి విద్యుత్కాలుచెంతను 100 నానోఫారడ్ల కెపాసిటరు నొకదానిని ఉంచుట ఆచారము. కాలినుండి రెండు మిల్లీమీటర్ల దూరమున నుంచినచో అది రక్షకుడు. అదే కెపాసిటరును మూడు సెంటీమీటర్లు దూరముగా, సన్నని గీత చివర నుంచినచో, మిల్లీమీటరుకు సుమారొక నానోహెన్రీ చొప్పున గీతయందు చేరు ఇండక్టెన్సు అడ్డుపడి, అది తన పని చేయజాలక, పలకపై ఊరక కూర్చుండును. వస్తువు మారలేదు, దానిపై ముద్రించిన విలువ మారలేదు, సర్క్యూటు చిత్రపటమున రెండింటికిని భేదమే లేదు, ఏలయన చిత్రపటమునకు దూరమనునది తెలియదు. అయినను ఒకచోట అది రక్షకుడు, మరియొకచోట కాదు. రక్షకత్వము దాని స్వభావమైనచో ఎక్కడకు పోయినది?

దీనికి ప్రతివాది చెప్పదగిన మాట ఒకటి కలదు, అది తేలికగా త్రోసివేయదగినది కాదు. పని సంబంధమువలన కలుగునదే కావచ్చును. కాని పెట్టెలో పడియున్న కెపాసిటరునకు దాని విలువ ఉన్నదిగదా, 100 నానోఫారడ్లనునది ఎవరి నపేక్షించి వచ్చినదని అడుగవచ్చును. సమాధానమునకై శాస్త్రగ్రంథముల దాకా పోనక్కరలేదు, తయారీదారు ఇచ్చిన డేటాషీటు చాలును. ఆ విలువ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఇంత ఫ్రీక్వెన్సీతో, ఇంత వోల్టేజితో కొలిచినదని అందు వ్రాసియుండును. పది మైక్రోఫారడ్లని అమ్ముడుపోవు చిన్న సిరామిక్ కెపాసిటరు, తాను ఓర్వగలదని చెప్పిన వోల్టేజిని సమీపించునప్పటికి అందు సగమునకంటె తక్కువకు పడిపోవుట సామాన్యము. ఎండలకు పేరుపడిన రెంటచింతలలో వైశాఖమాసపు మధ్యాహ్నమున రేకుల కొట్టములో పడియున్న బోర్డునకు 25 డిగ్రీలనునది ఎన్నడో చలికాలపు వేకువన తప్ప తెలియని వేడిమి. స్వభావమని మనము పట్టుకొనినదే, ఒక గదిలో, ఒక సాధనముతో, ఒక రీతిగా కొలిచినప్పుడు కలిగిన సంబంధమని తేలుచున్నది.

అట్లని డేటాషీటును చించివేయుమని నాగార్జునుడు చెప్పలేదు. లోకవ్యవహారమునకు చెందిన సంవృతిసత్యమని, కడపటిదైన పరమార్థసత్యమని రెండింటిని చెప్పి, మొదటిదాని నాశ్రయింపక రెండవదానిని బోధింప వీలులేదన్నాడు. బోర్డు చేయువాడు ముద్రించిన విలువను నమ్మియే పని ఆరంభింపవలెను. నమ్ముటయు, అది షరతులతో కూడినదని మరువకుండుటయు ఒక్కమారే చేయగలుగుట అతనికి అవసరమైన నైపుణ్యము. ఇందుచేతనే వైశేషికుని అభావమును నేను విడిచిపెట్టలేదు. మల్టీమీటరు పట్టిన చేతికి అది సరియైన లెక్క. కాని దానిని కడపటి మాటగా గైకొనుటకు మనసొప్పదు. ఈ విషయమున నా తీర్పు నాగార్జునుని వైపే.

మా నేలపై శిల్పులును స్థపతులును ఈ ఆలోచనకు దూరముగా నుండలేదనుటకు అమరావతి స్తూపపు పలకలే సాక్ష్యము. 1797లో కాలిన్ మెకంజీ కంటబడి, 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి, పిదప చెన్నపట్టణమునకు, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు తరలిపోయిన ఆ పలనాటి సున్నపురాతి ఫలకములను చూచినవారికి మొదట తోచునది వాని క్రిక్కిరింపు: మొగములు, చేతులు, మాలలు, గుఱ్ఱములు, ఏనుగులు, వ్రేలు పెట్టుటకు సందులేనట్లు. అట్టి ఫలకములు పెక్కింటి నడుమ బోధివృక్షము క్రింద ఒక సింహాసనము; దానిపై ఎవరును లేరు. బుద్ధుని ఆకారమును చెక్కక, ఆసనముచేతను పాదముద్రలచేతను సూచించుట ప్రాచీనశిల్పుల ఆచారము. చేతులు జోడించినవారి చూపులన్నియు ఆ ఖాళీ ఆసనమువైపే సాగుచున్నవి. అంత క్రిక్కిరింపునకు పొందికనిచ్చినది ఆ ఖాళీ. ఆ ఖాళీకి అర్థమునిచ్చినది చుట్టునున్న జనులు. జనులను తొలగించినచో మిగులునది వట్టి పీట; పీటపై మరియొకనిని చెక్కినచో మిగులునది వట్టి గుంపు.

నాగార్జునకొండ మహాచైత్యపు నిర్మాణము మరింత విశదమైనది. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని ఆరవ పాలనసంవత్సరమున, అతని మేనత్త చాంతిసిరి దానిని నిర్మింపజేసినట్లు అందలి స్తంభశాసనములు చెప్పుచున్నవి. పురావస్తుశాస్త్రజ్ఞుడు లాంగ్‌హర్స్ట్ 1927 మొదలుగా త్రవ్వినప్పుడు బయలుపడినది ఇటుకల గట్టిదిబ్బ కాదు. 106 అడుగుల వ్యాసముగల చక్రాకృతి. నడుమ నాభి, చుట్టును వలయగోడలు, నాభినుండి వెలువడు ఆకులు, వాని నడుమ మట్టితో పూడ్చిన గదులు. ఇటుకను ఆదాచేయుటయు, బరువును సరిగా పంచుటయు ఆ గదులవలననే సాధ్యమైనవి. ధాతువు, అనగా అందు నిక్షేపించిన పూజ్యావశేషము, దొరకినది నాభియందు కాదు, వెలుపలి గదులలో ఒకదానియందు. అంత పెద్ద కట్టడమును దేనికొరకు కట్టిరో దానిని గోడలో కాక గోడల నడిమి చోట నుంచిన స్థపతి పేరు మనకు తెలియదు.

ఇక చోటు కొరతను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది, ఇది తత్త్వమునకంటె నడవడికి సంబంధించినది. బోర్డును చిన్నదిగా చేయవలెనను కోరిక ఎల్లప్పుడు అవసరమువలన పుట్టదు. నా పరికరము టిక్కీలో ఇముడవలెను గనుక 30 మిల్లీమీటర్ల హద్దు దానికి న్యాయమే. కాని అంతకంటె చిన్నదిగా చేయగలనని చూపుకొనుటకు చేయు సంకోచము వేరు. దానికి మూలము ఆశయే, చోటును ఆక్రమించుకొను ఆశ ఎట్టిదో చోటును చిక్కబట్టి మెప్పించు ఆశయు నట్టిదే. దీని ఫలము బోర్డు చెడిన దినమున తెలియును. సోల్డరింగు ఐరను మొన దూరుటకు సందు లేక, మల్టీమీటరు తాకించుటకు చోటు లేక, ఒక్క రూపాయి విలువచేయని కెపాసిటరు మార్చుటకు వీలులేక, పరికరమునంతయు పారవేయవలసివచ్చును. గుంటూరు వీథులలో రేడియోలు, టీవీలు, ఇప్పుడు సెల్‌ఫోనులు బాగుచేసి జీవించు మెకానిక్కులు ఎందరో కలరు. బోర్డులో వారి చేతికి విడిచిన సందు వారి అన్నమునకు విడిచిన సందు. సర్వము పరస్పరాశ్రయమని చెప్పిన ఆచార్యుడే రాజునకు వ్రాసిన రత్నావళిలో సత్రములను, బావులను, రోగులకు వైద్యమును ఏర్పాటు చేయుమని కోరినాడు. ఆ రెండు బోధలు వేరు కావు.

కాబట్టి ఎలక్ట్రానిక్స్ అభిరుచితో బోర్డులు గీయు మన జిల్లాల యువతీయువకులకు నేను చేయు మనవి ఇది. నియమపరీక్షలో తప్పులు లేవని తేలినంతమాత్రాన బోర్డును కర్మాగారమునకు పంపకుడు. ప్రతి సంకేతమునకును అది తిరిగివచ్చు త్రోవను వ్రేలితో గీచి చూడుడు. విద్యుత్తు, గ్రౌండు, ప్రతి ముఖ్యసంకేతము—వీనికి పరీక్షించువాని మొన తాకునంతటి రాగిబిళ్లను విడువుడు. దాని ప్రక్కన పేరు వ్రాయుడు, వీలైనచో తెలుగులో వ్రాయుడు, ఇప్పటి కీక్యాడ్ కంప్యూటరులోని అక్షరములను బోర్డుపై ముద్రింపనిచ్చుచున్నది. చిత్రపటమును దాచుకొనక, అడిగినవారికెల్ల ఇయ్యుడు. తీరిక దొరకినప్పుడు మాచెర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, లాంచీ ఎక్కి, నాగార్జునసాగరము మధ్యనున్న కొండకు పొండు. జలాశయమున మునుగకముందు లోయనుండి తరలించి తిరిగి నెలకొల్పిన కట్టడములు అచట కలవు; వాని పునాదులలో గోడలను చూచినంత శ్రద్ధతో గోడల నడిమి గదులను గూడ చూడుడు.